గేర్‌బాక్స్ దించే ముందు ఒకసారి వినండి: మెకానిక్ స్టెతస్కోప్ వాడి చూశాక

డాక్టర్ వాడే స్టెతస్కోప్‌కి చివర గుండ్రటి బిళ్ళ ఉంటుంది. మెకానిక్‌ల కోసం చేసినదానికి ఆ బిళ్ళ స్థానంలో జానెడు పైన పొడవున్న సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. కడ్డీ మొనని ఇంజిన్ మీదో గేర్‌బాక్స్ మీదో ఆనిస్తే, లోపలి అదురు ఉక్కు గుండా పైకి వచ్చి చిన్న డబ్బీలోని పల్చటి రేకుని కదిలిస్తుంది. అక్కణ్ణుంచి రబ్బరు గొట్టాల్లో నడిచి చెవుల్లోకి చేరుతుంది. పనిముట్టు అంతే. నాకు ఆన్‌లైన్‌లో 400 రూపాయల లోపే వచ్చింది, డబ్బా మీద పెద్ద కంపెనీ పేరేమీ లేదు. వచ్చిన రోజు నుంచి డిక్కీలో జాకీ పక్కనే పెట్టుకుని తిరుగుతున్నాను.

నేను విజయవాడలో సొంత కారు కిరాయికి తిప్పుతాను. డీజిల్ సెడాన్, 5 గేర్ల మాన్యువల్. హైదరాబాద్ రోడ్డు, తిరుపతి, శ్రీశైలం ఘాట్, పెళ్ళిళ్ళ సీజన్లో పల్లెటూళ్ళు. బండి షెడ్డులో నిలబడితే ఆ రోజు సంపాదన లేదు. అందుకే కొత్త శబ్దం ఏది వచ్చినా అది ఎక్కణ్ణుంచి వస్తోందో, ఆ వారం కిరాయిలు ఒప్పుకోవచ్చో లేదో వెంటనే తెలియాలి. సరదాకి కార్లు విప్పుకునేవాళ్ళ కంటే నా అవసరం వేరు. ఈ అభిప్రాయం ఆ కోణం నుంచి రాస్తున్నాను.

ఇది పనికొచ్చిన మొదటి సందర్భం చెబుతాను. ఈ పనిముట్టు బలం, పరిమితి రెండూ అందులోనే ఉన్నాయి.

బండి న్యూట్రల్‌లో ఆడుతుంటే ఎడమ పక్క నుంచి సన్నగా గరగరమని మోత మొదలైంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగినప్పుడు ట్రాఫిక్ రొదలో వినబడేది కాదు. సందులో గోడ పక్కన నిలిపి అద్దం దించితే స్పష్టంగా తెలిసేది. క్లచ్ తొక్కితే పోయేది, వదిలితే మళ్ళీ వచ్చేది. ఇంటి దగ్గర షెడ్డులో చూపిస్తే, బానెట్ ఎత్తకుండానే "క్లచ్ సెట్ పోయింది సార్. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మొత్తం వేసేద్దాం" అన్నారు. గట్టిగానే రేటు చెప్పారు. నేను రేపు తెస్తానని బండి తీసుకొచ్చేశాను.

స్టెతస్కోప్ కంటే ముందు వాడాల్సింది క్లచ్ పెడల్. అది చెప్పే సంగతి వినకుండా కడ్డీ పట్టుకుంటే ఇంజిన్ మొత్తం మోతగానే ఉంటుంది, ఏమీ అర్థం కాదు. ఇంజిన్ ఆడుతూ, గేరు న్యూట్రల్‌లో ఉండి, కాలు క్లచ్ మీద లేనప్పుడు ఇంజిన్ తిప్పుడుని గేర్‌బాక్స్‌లోకి తీసుకెళ్ళే ఇరుసు, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్, ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కితే ఒకటి రెండు సెకన్లలో ఆ షాఫ్ట్ ఆగిపోతుంది. అదే సమయంలో క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ వెళ్ళి, తిరుగుతున్న ప్రెషర్ ప్లేటు వేళ్ళ (వేళ్ళలాంటి స్ప్రింగు రేకుల) మీద గట్టిగా నొక్కుకుంటుంది. అంటే తొక్కినప్పుడు పుట్టే శబ్దానికి అనుమానించాల్సింది రిలీజ్ బేరింగ్‌ని. తొక్కినప్పుడు పోయే శబ్దానికి అనుమానించాల్సింది గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని. నాది తొక్కితే పోతోంది. మరి క్లచ్ సెట్ మొత్తం ఎందుకు మార్చాలి?

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా బళ్ళలో రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు వేళ్ళకి ఆనుకునే ఉంటుంది. అది అరిగితే కాలు తీసినప్పుడు వదులుగా కొట్టుకుని మోత చేసి, తొక్కగానే బిగిసి ఊరుకోవచ్చు. కాబట్టి "తొక్కితే పోయింది" అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పకూడదు. కాలు పెడల్ మీద ఊరికే బరువు పడేటట్టు ఆనించి చూడాలి. ఆ మాత్రానికే శబ్దం ఆగితే రిలీజ్ బేరింగో, దాన్ని తోసే ఫోర్కో. క్లచ్ పూర్తిగా విడిపోయే దాకా ఉండి, షాఫ్ట్ ఆగాక పోతే అది గేర్‌బాక్స్ లోపలిది. మా ఆవిడని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయించి, పెడల్ నెమ్మదిగా తొక్కమన్నాను. సగం దాటినా మోత ఉంది. బాగా కిందకి వెళ్ళాకే తగ్గుతూ తగ్గుతూ ఆగింది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. డీజిల్ బళ్ళలో ఐడిల్‌లో ఇంజిన్ కుదుపులకి గేరు పళ్ళు ఒకదానికొకటి తగులుకుని గలగలమంటాయి. కొంతవరకూ అది సహజం. క్లచ్ ప్లేటులో ఉండే స్ప్రింగులు ఆ కుదుపుని మింగడానికే ఉన్నాయి. స్ప్రింగులు నీరసిస్తే గలగల పెరుగుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఎక్సలేటర్ కొంచెం ఇస్తే గలగల సద్దుమణుగుతుంది. బేరింగ్ మోత అలా కాదు, ఇంజిన్ వేగంతో పాటే సాగుతూ, సన్నబడుతూ పైకి వెళుతుంది. నాది పెరిగింది.

అప్పుడు తీశాను స్టెతస్కోప్. నా బండిలో గేర్‌బాక్స్ ఎడమ వైపున, బ్యాటరీ కింద ఉంటుంది. పై నుంచి కడ్డీ దించడానికి దారి ఉంది. ముందు ఇంజిన్ బ్లాకు మీద ఆనించాను: డీజిల్ దడదడ తప్ప వేరే ఏమీ లేదు. తర్వాత ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, క్లచ్ ఉండే గంట ఆకారపు హౌసింగ్ మీద: గరగర ఉంది, కానీ దూరంగా. గేర్‌బాక్స్ మధ్యలో ఇంకొంచెం దగ్గరగా. ఎడమ చక్రం వైపు చివరి మూత మీద ఆనించేసరికి, కంకర మీద సైకిల్ తొక్కుతున్నట్టు చెవి నిండా వచ్చింది. క్లచ్ తొక్కించాను, ఆగింది. వదిలించాను, వచ్చింది. ఇన్‌పుట్ షాఫ్ట్‌కి రెండు కొసలా బేరింగులు ఉంటాయి. చెడింది క్లచ్‌కి దూరంగా ఉన్న కొస బేరింగు.

మర్నాడు ఆటోనగర్ వెళ్ళాను. మన ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ పని ఒక్కటే చేసే మేస్త్రీలు వేరే ఉంటారు. నేను వెళ్ళే బాబాయ్ పెద్దవాడు, లారీ బాక్సుల దగ్గర మొదలుపెట్టినవాడు. నేను విన్నదంతా చెబితే నవ్వకుండా విన్నాడు. తన పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన మూతకి ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకి పెట్టుకున్నాడు. "తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే. ముందు ఆయిల్ దించుదాం, అది ఏమంటుందో చూద్దాం" అన్నాడు.

ఆయిల్ చూడటం అనే ఈ పని చాలా షెడ్లలో చెయ్యరు. నాకు కోపం వచ్చేది అక్కడే. గేర్‌బాక్స్‌లో పట్టేది 2 లీటర్ల పైచిలుకు ఆయిల్. ఇంజిన్ ఆయిల్‌లాగా పైనుంచి గేజ్ పుల్ల తీసి చూసుకునే వీలు చాలా కార్లలో లేదు. సీల్ కారుతూ ఆయిల్ తగ్గిపోయినా బండి పరుగెడుతూనే ఉంటుంది, బేరింగులు ఎండిపోతుంటాయి. డ్రెయిన్ నట్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద అంటుకున్నది చూస్తే సగం కథ తెలుస్తుంది. నల్లటి మెత్తని ముద్దలా ఉంటే మామూలు అరుగుదల. వేళ్ళకి గుచ్చుకునే రజను, పొలుసులు, పళ్ళ ముక్కలు ఉంటే లోపల ఏదో విరిగిపోతోంది. నాదాంట్లో మెరిసే సన్నటి పొలుసులు వచ్చాయి. అప్పుడు "దించుదాం" అన్నాడు బాబాయ్.

బేరింగు బయటికి వచ్చాక బంతులు తిరిగే దారిలో గుంటలు చేత్తో తడిమితే తెలిశాయి. గేర్‌బాక్స్ దించిన కూలి ఎలాగూ పడింది కాబట్టి రిలీజ్ బేరింగ్ కొత్తది వేయించాను, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కూడా చూపించాను. ఆ రెండూ మళ్ళీ చెడితే ఇదంతా మళ్ళీ దించాలి. క్లచ్ ప్లేటు మాత్రం బాబాయ్ చేతిలో పట్టుకుని రివెట్ల పైన ఎంత మందం మిగిలిందో చూపించి, "దీన్నెందుకు పారేస్తావు, ఇంకా బోలెడంత ఉంది" అని అదే బిగించాడు. క్లచ్ సెట్ మొత్తం వేయించుకుని ఉంటే డబ్బు పోయేది, గరగర మాత్రం అలాగే ఉండేది. 400 రూపాయల వస్తువు గురించి ఇంత రాయడానికి కారణం అదే.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు డబ్బా మీద చూసుకోండి. గేర్ ఆయిల్ రకాన్ని జీఎల్ నంబరుతో చెబుతారు. బండి పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయించండి. జీఎల్-5 పెద్ద నంబరు కదా అని మంచిదనుకుని పోసేవాళ్ళున్నారు. అది ముఖ్యంగా బరువు ఎక్కువ పడే డిఫరెన్షియల్ పళ్ళ కోసం. అందులో కలిపే మందులు కొన్ని గేర్‌బాక్స్‌లో ఉండే ఇత్తడి సింక్రో రింగులకి (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) పడవు.

ఇంజిన్ ముందు వైపు పనిలో స్టెతస్కోప్ ఇంకా బాగా పనిచేస్తుంది. అక్కడ చాలా బళ్ళలో ఒకే బెల్టు మీద ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్, బెల్టుని బిగువుగా పట్టే టెన్షనర్, దాన్ని దారి మళ్ళించే ఐడ్లర్ అన్నీ తిరుగుతుంటాయి. ఏది కూస్తోందో ఒట్టి చెవికి తెలియదు. ఒక్కోదాని ఒంటి మీద, తిరగని భాగం మీద కడ్డీ ఆనిస్తూ పోతే తేడా తెలిసిపోతుంది. నాకు ఒక ఎండాకాలం గుయ్ మని వచ్చిన మోత ఆల్టర్నేటర్ వెనక బేరింగుది. హెడ్‌లైట్లు, ఫ్యాన్ అన్నీ వేసి కూడా విన్నాను. ఆల్టర్నేటర్‌లో కరెంటు వల్ల వచ్చే కూత అయితే లోడు పడగానే మారుతుంది. బేరింగుదైతే ఇంజిన్ వేగంతోనే మారుతుంది. లోడు వేసినా నా మోత మారలేదు కాబట్టి బేరింగు మాత్రమే మార్చమన్నాను, చేశారు, పోయింది.

మా బావమరిది పికప్ సంగతి కూడా చెప్పాలి. నూజివీడు నుంచి మామిడికాయలు వేస్తాడు. వెనక చక్రాలకి లాగుడు ఉండే బండి. "1, 2, 3లో ఒకటే గోల బావా, 4లో వేస్తే హాయిగా ఉంటుంది" అన్నాడు ఫోన్లో. ఆ మాటలోనే జవాబుంది. అలాంటి పాతరకం గేర్‌బాక్సుల్లో 4వ గేరు సూటి గేరు. ఇన్‌పుట్ షాఫ్ట్, అవుట్‌పుట్ షాఫ్ట్ నేరుగా కలిసిపోతాయి. మిగతా గేర్లలో శక్తి కింద ఉండే లే షాఫ్ట్ గుండా వెళుతుంది. 4లో లే షాఫ్ట్ తిరుగుతుంది గానీ బరువు మొయ్యదు. కాబట్టి 4లో తగ్గి మిగతా గేర్లలో వచ్చే గోల లే షాఫ్ట్ బేరింగులది అనుకోవచ్చు. ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్ళని అనుమానించాలి. ఈ లెక్క ముందు చక్రాల కార్లకి పనిచెయ్యదు, వాటిలో ఇలా సూటి గేరు ఉండదు. అతను వచ్చినప్పుడు న్యూట్రల్‌లో కడ్డీ పెట్టి చూశాం. బాక్సు కింది భాగంలోనే ఎక్కువ ఉంది. విప్పితే అదే.

ఇది చెయ్యలేని పనులు తక్కువేమీ కాదు. బండి నడుస్తుంటేనే వచ్చే శబ్దాల దగ్గర స్టెతస్కోప్ చేతులెత్తేస్తుంది. చక్రం బేరింగ్ హోరు ఇంజిన్ వేగంతో కాదు, బండి వేగంతో పెరుగుతుంది. న్యూట్రల్ చేసినా తగ్గదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొంచెం ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడిది. ఫుల్ కటింగ్ చేసి బండి తిప్పేటప్పుడు టకటకటక మంటే యాక్సిల్ బయటి సీవీ జాయింటు, అంటే చక్రం మలుపు తిరిగినా దాన్ని తిప్పుతూ ఉండే కీలు. ముందు రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మిందేమో వంగి చూడండి, స్టెతస్కోప్ అక్కర్లేదు. గేరు పడేటప్పుడు మాత్రమే గర్రుమంటే సింక్రో రింగు. అది కూడా కడ్డీతో వినేది కాదు, చేతికే తెలుస్తుంది. అన్ని గేర్లలోనూ గర్రుమంటే మాత్రం సింక్రోని తిట్టకండి, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రివర్స్‌లో ఒక్కదాంట్లో అయితే కంగారు వద్దు. చాలా బళ్ళలో రివర్స్‌కి సింక్రో ఉండదు. క్లచ్ తొక్కి రెండు సెకన్లు ఆగి వేస్తే చక్కగా పడుతుంది.

ఇంజిన్ లోపలి శబ్దాలకి ఇది సగం పనే చేస్తుంది. టాపెట్ల టిక్‌టిక్ పైన మూత మీద, ఇంజిన్ వేగంలో సగం లయతో వస్తుంది. వాల్వులని తెరిచే క్యామ్ షాఫ్ట్ తిరిగేది సగం వేగంతోనే. తెల్లారి స్టార్ట్ చేయగానే ముందు మూత దగ్గర క్షణం పాటు గొలుసు మోత వచ్చి ఆగుతుంటే టైమింగ్ చైన్ టెన్షనర్ వైపు చూడాలి, ఆయిల్ ప్రెషర్ అందే దాకా అది వదులుగా ఉంటోంది. కింద బ్లాకులో, ఆయిల్ పాన్ దగ్గర బరువుగా దబదబ కొడుతుంటే, లేదా ఆయిల్ లైటు వెలిగితే స్టెతస్కోప్ కోసం డిక్కీ తెరవకండి. ఇంజిన్ ఆపెయ్యండి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అయితే ఇంకో కిలోమీటరు నడిపినా క్రాంక్ షాఫ్ట్ పాడవొచ్చు.

కొనేవాళ్ళకి గట్టిగా చెప్పాల్సింది భద్రత గురించి. బానెట్ కింద రేడియేటర్ ఫ్యాను కరెంటుది, ఇంజిన్ వేడెక్కితే చెప్పకుండా తిరుగుతుంది. కడ్డీ గానీ రబ్బరు గొట్టం గానీ బెల్టులో పడితే చెవులతో సహా లాగుతుంది. కండువా, చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు తీసెయ్యండి. తిరిగే పుల్లీ మీద ఎప్పుడూ ఆనించకూడదు, దాన్ని మోసే ఒంటి మీదే. నా బండిలాగా బ్యాటరీ పక్కనుంచి కడ్డీ దించాల్సి వస్తే ప్లస్ టెర్మినల్‌కి మూత ఉందో లేదో చూసుకోండి. కడ్డీ దానికీ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులే. జాకీ మీద లేపిన బండి కిందకి దూరి వినే ప్రయత్నం అసలే వద్దు. కింద నుంచి వినాలంటే లిఫ్ట్ ఉన్న షెడ్డుకి వెళ్ళండి. సీట్లో కూర్చున్నవాళ్ళకి గేరు ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

బాబాయ్ స్క్రూడ్రైవర్ కంటే ఇది గొప్పదా అని అడిగితే, వినబడటంలో కాదు. ఆయన దాంతోనే అన్నీ పట్టేస్తాడు. ఇది మేలయ్యేది తల విషయంలో. స్క్రూడ్రైవర్‌తో వినాలంటే తల బెల్టు దగ్గరికి వంచాలి. దీనికి గొట్టం ఉంది కాబట్టి మొహం దూరంగా ఉంటుంది. రెండు చెవులూ మూసుకుపోతాయి కాబట్టి పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు కూడా అంతగా అడ్డురావు. ఫోన్లో రికార్డు చేసి మెకానిక్‌కి పంపడం కూడా చేసి చూశాను. ఎప్పుడు వస్తోందో చెప్పడానికి అది బాగుంటుంది. ఎక్కడ వస్తోందో చెప్పడానికి పనికిరాదు.

వస్తువు నాణ్యత మీద నా ఫిర్యాదులు: చెవి గుబ్బలు గట్టి ప్లాస్టిక్, కాసేపటికే నొప్పి పుడుతుంది. మందుల షాపులో మెత్తటి రబ్బరు గుబ్బలు తెచ్చి మార్చాను, సరిగ్గా సరిపోయాయి. కడ్డీని డబ్బీలోకి బిగించే మర వదులవుతుంది, వదులైతే అదే కిరకిరమని లేని జబ్బు వినిపిస్తుంది. వాడే ముందు ప్రతిసారీ బిగించుకోండి. గొట్టం కూడా బట్టకి రాసుకుంటే అదో శబ్దం. ఎగ్జాస్ట్ దగ్గర పెడితే కడ్డీ కాలుతుంది. పిడికి రబ్బరు తొడుగు ఉన్న రకం దొరికితే ఇంకో వంద ఎక్కువైనా అదే తీసుకోండి.

తెచ్చుకున్న రోజే బండి బాగున్నప్పుడు వినండి. ఒక్కో ఇంజెక్టర్ మీద, ఆల్టర్నేటర్ మీద, వాటర్ పంపు మీద, గేర్‌బాక్స్ రెండు కొసల మీద, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. ఇంజెక్టర్లన్నీ ఒకే రకంగా టక్‌టక్ మంటున్నాయా, ఏదైనా మెత్తగా ఉందా అన్నది అప్పుడే చెవిలో పడుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్ళకి ముందు వైపు బెల్టు పనికి తప్ప దీనితో ఎక్కువ ఉపయోగం లేదు, క్లచ్ పెడల్ లేనిదే పైన చెప్పిన పరీక్ష కుదరదు. మాన్యువల్ బండి, లక్ష కిలోమీటర్లు దాటింది, కిరాయికో పొలానికో రోజూ తిరుగుతుంది అంటే మాత్రం కొనండి. 5కి 4 ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ చెవి గుబ్బలకీ, వదులయ్యే మరకీ.